పాత గుండ్ల అచ్చు – దాని ఆనవాళ్లు

ఉత్తర తెలంగాణపు కోటలను గూర్చి వ్రాసినవారు కలరు. ఆ కోటల బురుజులపై నిలిచిన ఫిరంగులను గూర్చి వ్రాసినవారును కలరు. కోనసముద్రపు ఉక్కును గూర్చి విదేశీయులు సైతము శ్రద్ధతో వ్రాసియుంచిరి. కాని అరచేతిలో ఇముడునంతటి ఒక చిన్న ఇనుప పనిముట్టును గూర్చి పలికినవారు బహు తక్కువ. అది సీసపు గుండ్లను పోత పోయు అచ్చు. వారపు అంగడిలోనో, కబాడీ దుకాణపు ఇనుపకుప్పలోనో అట్టిది కంటబడినచో ఒకరు దానిని అడకత్తెర యందురు. మరియొకరు కంసాలి పట్టకారనుకొందురు. బేరగాడు తూకమునకు వెల కట్టును. ఆ తూకముతో దాని చరిత్ర ముగియును.

అట్టి వస్తువు చేతికి వచ్చినప్పుడు దానిని ఏమని గుర్తింపవలెను? అది ఏ కాలపుది? ఏ తుపాకికి తోడుగా పుట్టినది? ఈ ప్రశ్నలకు సమాధానము చాలవరకు ఆ వస్తువునందే కలదు. అయితే అది ఇనుమునందు లేదు. ఇనుము నడుమ తొలిచిన శూన్యమునందు కలదు. ఆ శూన్యమును చదువుట ఎట్లో చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పోతపనికి అలవాటైన సీమ

గోదావరికి ఇరువైపుల వ్యాపించిన పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు లోహపుపనికి క్రొత్తవి కావు. కరీంనగరు సరిహద్దునకు సమీపమున, నిజామాబాదు జిల్లాలో కోనసముద్రము కలదు. హెన్రీ వోయ్సీ యను భూగర్భ శాస్త్రజ్ఞుడు అచ్చటి మూసలలో ఉక్కు కరగు విధమును స్వయముగా చూచి వ్రాసెను. ఆ వర్ణన ఆయన మరణానంతరము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. ఆ ఉక్కును కొనుటకై పారశీక వర్తకులు అంతదూరమునుండి వచ్చుచుండిరి. గోదావరికి ఉత్తరమున నిర్మల పట్టణమునకు 18వ శతాబ్దమున చుట్టును కోటలు, బురుజులు వెలసెను. ఫిరంగుల పోతకు ఆ ఊరు పేరెన్నిక గన్నది. దక్షిణపు గట్టున జగిత్యాలలో నక్షత్రాకారమున కట్టిన కోటయు, అందలి ఫిరంగులును నేటికిని చూడదగియున్నవి.

రాజధానియందును ఇదే ముచ్చట. నిజాము కొలువున సేనానియై 1798లో మరణించిన ఫ్రెంచివాడు రేమండ్, హైదరాబాదులో ఫిరంగుల పోతశాలను నెలకొల్పెను. నేడు గన్ ఫౌండ్రీ యనబడు ఆ పేటకు ‘తోప్ కా సాంచా’ యని ఉర్దూ పేరు. సాంచా యనగా అచ్చు. ఒక పేటకు ఫిరంగి పేరు కాక, ఫిరంగి అచ్చు పేరు నిలిచిపోవుట గమనింపదగిన విషయము. తోపును చేసిన శిల్పికి ముందు కావలసినది అచ్చేయని ఆ పేరు పెట్టినవారికి తెలియును.

ఆదిలాబాదు అడవులలో మరియొక పోతవిద్య కలదు. ఉషేగాము మొదలగు పల్లెలలోని ఓజలు మైనముతో బొమ్మ చేసి, దానిపై మట్టి మెత్తి, మైనమును కరగించి, ఆ చోట ఇత్తడిని పోయుదురు. మట్టి అచ్చును పగులగొట్టినగాని బొమ్మ వెలికి రాదు. ఒక్కొక్క అచ్చు ఒక్కొక్క వస్తువుతో ముగిసిపోవును. 2018లో ఆదిలాబాదు డోక్రాకు భౌగోళిక గుర్తింపు లభించినది. గుండ్ల అచ్చు దీనికి సరిగా ఎదురు. అది పగులదు, ఒకే గుండును ఒకే కొలతతో వేయిమారులు ఈనును. ఓజ చేతి బొమ్మలో కళ ప్రధానము. గుండ్ల అచ్చులో కొలత ప్రధానము. కావుననే దాని కొలత చరిత్రకు పనికివచ్చు సాక్ష్యము.

రూపము, అంగములు

గృహములలో వాడిన గుండ్ల అచ్చు సాధారణముగా అడకత్తెరను పోలియుండును. రెండు పొడుగాటి పిడులు. వాటిని కలిపి ఒక శీల. శీలకు ఆవల రెండు బొద్దు ముక్కులు. పిడులను విప్పినచో ముక్కులు విడివడును. ఒక్కొక్క ముక్కు లోతట్టున అర్ధగోళముగా తొలిచియుండును. రెండును మూసినప్పుడు నడుమ నిండుగోళమంతటి చోటు ఏర్పడును. పైన ఒక చిన్న రంధ్రము. దానిగుండ కరగిన సీసమును పోయుదురు. సీసము 327 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగును. వంటింటి బొగ్గులకుంపటి దానికి చాలును. అందుచేత ఈ పనికి పోతశాల అక్కరలేదు. ఇంటి వసారాయే చాలును.

పోసిన రంధ్రములో గట్టిపడిన సీసము గుండునకు తోకవలె అంటుకొనియుండును. దానిని తెంచుటకై పెక్కు అచ్చులలో శీలకు సమీపమున, పిడుల లోవైపున, పదునైన అంచులు కలవు. ఇదియే అడకత్తెర యను భ్రమకు కారణము. నిజమునకు ఆ భాగము చేయుపని అడకత్తెర పనియే. పోకకు మారుగా సీసపు తోకను కత్తిరించును. కావున పాత ఇనుములో అడకత్తెర వంటిది కానవచ్చినచో మొదట దానిని విప్పి ముక్కుల లోతట్టు చూడవలెను. కత్తి అంచు పిడుల నడుమ నుండి, ముక్కులలో ఎదురెదురుగా గుంటలున్నచో అది పోకల కత్తెర కాదు.

ఇంకొక సంగతి. మన ప్రాంతపు పాత కొలుములలో ఇనుము పూర్తిగా కరగి నీరు కాదు, ముద్దగా దిగును. ఆ ముద్దను కమ్మరి సాగగొట్టి కావలసిన రూపమునకు తెచ్చును. కనుక అట్టి ఇనుముతో ఇట్టి చిన్న అచ్చులో గుండు పోయుట పొసగదు. ఇనుపగుండ్లను సమ్మెటతో కొట్టి గుండ్రముగా చేయుచుండిరి. కావున ఇట్టి అచ్చు దొరకినచో అది సీసమునకే యని దాదాపు రూఢిగా తలపవచ్చును.

గుండ్ల అచ్చు కానివి

గుండ్రని గుంట కనబడగానే తుపాకిని తలచుట తొందరపాటు. గుంటలుగల పనిముట్లు మన వృత్తులలో మరికొన్ని కలవు.

మొదటిది కంసాలి దిమ్మె. బంగారు గుండ్ల పేరునకు కావలసిన పూసలను కంసాలి పోత పోయడు. పలుచని రేకును గుంటలో పెట్టి కొట్టి దొప్పగా చేసి, రెండు దొప్పలను అతుకును. ఆ దిమ్మెకు గుంటలు చాలగా ఉండును. పెద్దదానినుండి చిన్నదానివరకు వరుసగా ఉండును. కాని వాటికి ఎదురుజోడు ఉండదు, పోయు రంధ్రమును ఉండదు. పైగా సీసము తగిలిన బంగారము పెళుసగును. కావున కంసాలి తన పనిముట్టును సీసమునకు దూరముగా ఉంచును. కరీంనగరు వెండితీగ పని 2007లోనే భౌగోళిక గుర్తింపు పొందినంతటి పేరుగలది. అట్టి సీమలో పాత సామానులలో కంసాలి పనిముట్లు కలియుట సహజము గనుక ఈ తేడా తెలిసియుండవలెను.

రెండవది వలకు కట్టు సీసపు బరువుల అచ్చు. గోదావరి, మానేరు నదులపై బ్రతుకు బెస్తలకు వల నీట మునుగుటకు బరువులు కావలెను. ఆ బరువునకు త్రాడు దూరుటకై నడుమ బెజ్జము ఉండవలెను. కనుక దాని అచ్చులో ఈ కొసనుండి ఆ కొసకు సన్నని కాడి, లేదా పుల్ల పెట్టుటకు గాడి, కానవచ్చును. గుండు కొలత కొంచెము హెచ్చుతగ్గులైనను వలకు నష్టము లేదు. కావున అందు పనితనము మోటుగా ఉండును. తుపాకి గుండునకు బెజ్జము ఉండదు, కొలత తప్పరాదు.

గుంట లోపల తెల్లనైన లేక బూడిదరంగు పొడి కానవచ్చినచో అది సీసము పట్టిన జాడ కావచ్చును. దానిని గోటితో గీరుట, నోటితో ఊదుట కూడదు. సీసపు పొడి విషము. ముట్టుకొన్న చేతులను కడుగుకొనవలెను.

శూన్యమును కొలుచుట

గుండ్ల అచ్చే యని తేలినపిదప గుంట ఆకారమును చూడవలెను. అదియే కాలమును చెప్పు మొదటి ఆనవాలు.

నిండుగోళమైనచో అది జామగి తుపాకికి గాని, చెకుముకి తుపాకికి గాని, టోపీ పెట్టి కాల్చు భర్మారుకు గాని చెందవచ్చును. గోళపు గుండు శతాబ్దముల పర్యంతము మారలేదు. కనుక గోళమును చూచి వయస్సు చెప్పబూనుట సాహసము. గోళము నడుమ ఒడ్డాణము వలె ఒక కట్టు ఉన్నచో విషయము వేరు. 1837 ప్రాంతమున బ్రిటిషు సైన్యము చేపట్టిన బ్రన్స్విక్ రైఫిలు గొట్టములో రెండు గాడులు కలవు. ఆ గాడులలో ఇముడుటకై దాని గుండునకు ఇట్టి కట్టు పెట్టిరి. గుంట కొనదేలియుండి, అడుగున బోలు చేయుటకు మూడవ ముక్కగా ఒక మొన ఉన్నచో అది 1849లో ఫ్రెంచి సేనాని మినియే ప్రవేశపెట్టిన పద్ధతికి తరువాతిది. అడుగున బోలుగల గుండు మందు పేలినప్పుడు ఉబ్బి గొట్టపు గాడులను పట్టుకొనును. 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకి ఆ జాతిదే. దాని గొట్టపు కొలత 0.577 అంగుళము, అనగా సుమారు 14.7 మిల్లీమీటర్లు. 1857లో సిపాయిల కోపమునకు నెపమైన కొవ్వు తూటాలు ఆ తుపాకివే.

ఇక కొలత. అచ్చులో సీసము పోసి చూడవలసిన పనిలేదు, పోయరాదు కూడ. మెత్తని మైనమును గుంటలలో అద్ది, ఆ ముద్రను కొలిచిన చాలును. గోళపు అడ్డుకొలత మిల్లీమీటర్లలో తెలిసినచో దానిని మూడుమారులు హెచ్చించి, వచ్చిన సంఖ్యను 0.00594తో హెచ్చింపగా సీసపు గుండు బరువు గ్రాములలో వచ్చును. ఉదాహరణమునకు అడ్డుకొలత 15 మిల్లీమీటర్లైనచో గుండు 20 గ్రాములు తూగును. మన పాత తూకమున తులముంబావు కంటె ఎక్కువ, రెండు తులములకు తక్కువ.

బరువు ఎందుకు కావలెననగా, పూర్వము తుపాకి గొట్టమును అంగుళములతో కాక గుండ్ల లెక్కతో చెప్పుచుండిరి. ఒక పౌను సీసమునుండి గొట్టమునకు సరిపడు గుండ్లు ఎన్ని వచ్చునో అదియే ఆ తుపాకి బోరు. నేటికిని వేటగాండ్ర నోట విను ‘పన్నెండు బోరు’ అను మాటకు అర్థమిదియే. పౌనునకు పన్నెండు గుండ్లు వచ్చునట్టి గొట్టమని భావము. ఆ గుండు 18.5 మిల్లీమీటర్లు, బరువు 37.8 గ్రాములు, అనగా మూడుంబావు తులములకు కించిత్తు తక్కువ. పదునారు బోరు గుండు 16.8 మిల్లీమీటర్లు, 28.35 గ్రాములు. ఇరువది బోరుది 15.6 మిల్లీమీటర్లు, 22.7 గ్రాములు. సంఖ్య పెరిగినకొలది గుండు చిన్నదగును. పాత ఇంగ్లీషు అచ్చులపై 14, 16, 20 వంటి అంకె ఒక్కటే కానవచ్చినచో అది సంవత్సరము కాదు, ధర కాదు. ఈ లెక్క కావచ్చును. మైనపు ముద్ర కొలతతో సరిచూచినచో తేలిపోవును.

ఇచ్చట ఒక జాగ్రత్త కలదు. గుండు కొలతయు గొట్టము కొలతయు ఒకటి కావు. నోటినుండి మందు కూరు తుపాకిలో గుండు సులభముగా దిగవలెను. మందు మసి పట్టిన గొట్టములో గట్టి గుండు దిగదు. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు మోసిన తుపాకి గొట్టము 0.75 అంగుళము, దాని గుండు సుమారు 0.69 అంగుళము మాత్రమే. నడుమ ఖాళీని కాగితమో గుడ్డపీలికయో నింపుచుండెను. కావున అచ్చు కొలతను తెచ్చి అదే కొలత గొట్టముగల తుపాకిని వెదకువాడు దారి తప్పును. అచ్చుకంటె గొట్టము కొంచెము పెద్దదని తలచి వెదకవలెను.

ముద్రలు, అంకెలు

కర్మాగారములలో పుట్టిన అచ్చులపై ముద్రలుండును. అమెరికాలోని కోల్టు కంపెనీ రివాల్వరులతో పాటు ఇచ్చిన అచ్చులలో పక్కపక్కన రెండు గుంటలు, ఒకటి గోళముగా, ఒకటి కొనదేలి, ఉండుట కలదు; పైన తోకను తెంచుటకు ప్రక్కకు జరుగు పలక ఉండును. 1884 తరువాత అమెరికాలో ఐడియల్ కంపెనీయు, 1925లో దానిని కొనిన లైమన్ కంపెనీయు చేసిన అచ్చులపై పెక్కింటికి ఆరంకెల సంఖ్య కలదు. చూపునకు అది క్రమసంఖ్య వలె తోచును. కాని మొదటి మూడంకెలు గుండు అడ్డుకొలతను అంగుళములో వేయవ వంతులుగా చెప్పును. 311తో మొదలైనచో 0.311 అంగుళము, 457తో మొదలైనచో 0.457 అంగుళము. తక్కిన అంకెలు గుండు రూపమునకు గుర్తు. ఇట్టి అచ్చు గుంట గోడలపై అడ్డముగా గట్లుండి, గుండుపై గాడులను ఏర్పరచును. గుండునకు కొవ్వు పూయుట వాటి ప్రయోజనము. ఇట్టివి లోహపు తూటాల కాలమునకు చెందినవి. వాటిని నిర్మల కోటకు అంటగట్టుట చెల్లదు.

ముద్రయే లేని అచ్చు మనకు మరింత విలువైనది. సాగగొట్టిన ఇనుము, సమ్మెట గుర్తులు, చేతితో తొలిచిన గుంట, సమముగా లేని పిడులు, ఇవి ఊరి కమ్మరి పనిని చెప్పును. అట్టి కమ్మరి ముందు ఏ పటమును లేదు. ముందున్నది ఒక తుపాకి మాత్రమే. ఆ తుపాకి గొట్టమును చూచి దానికి తగినట్లు గుంటను తొలిచెను. ఒకని తుపాకికి చేసిన గుండు పొరుగువాని తుపాకికి పట్టవలెనను నియమము లేదు. తాళమును బట్టి తాళపుచెవి వలె, ప్రతి తుపాకికి దాని అచ్చు.

విడిపోయిన జోడు

ఇచ్చటనే అసలు చిక్కు కలదు. మందు, గుండు, టోపీ అన్నియు ఒకే లోహపు తూటాలో ఇమిడి కర్మాగారమునుండి రావడముతో అచ్చు అవసరము క్రమముగా తగ్గెను. అచ్చు ఉన్నంతవరకు గుండు ఇంటిలో పుట్టెను. తూటా వచ్చినపిదప గుండు అంగడిలో పుట్టెను. తుపాకి ఉన్నను తూటా ఇచ్చువాడు ఇవ్వకున్న అది కట్టెతో సమానము. అడవిపల్లెలలో భర్మారు ఇరువదవ శతాబ్దమున కూడ నిలిచియుండుటకు ఒక కారణమిదియే. 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటమున రైతుల చేతులలో భర్మారులుండుట ప్రసిద్ధము.

తుపాకులు చాలవరకు పోయినవి. ప్రభుత్వములు తీసికొన్నవి కొన్ని, తుప్పుపట్టి చెడినవి కొన్ని. అచ్చును మాత్రము ఎవరును ఆయుధమనుకొనలేదు. అది అటుకమీదనో పాతసామాను పెట్టెలోనో పడియుండుటకు వీలున్నది. జోడులో ఒకటి పోయి రెండవది మిగిలినప్పుడు మిగిలినదే రెంటికిని సాక్షి. 1860లో రాంజీ గోండును నిర్మలలో ఉరితీసిరి; 1940లో కొమరం భీము జోడేఘాటులో తుపాకి గుండ్లకు నేలకొరిగెను. ఇట్టి పోరాటముల కథ మనకు చాలవరకు గెలిచినవారి కాగితములనుండి వచ్చినది. రెండవవైపున ఎట్టి తుపాకులుండెనో, ఎట్టి కమ్మరులు పనిచేసిరో చెప్పుటకు కాగితములు తక్కువ, వస్తువులే పలుకవలెను. అయితే వస్తువు పలుకవలెనన్న అది ఏ ఊర దొరకినదో తెలియవలెను. ఊరి పేరు ఊడిపోయిన అచ్చు కొలతను మాత్రమే చెప్పగలదు, చరిత్రను చెప్పజాలదు.

కావున దొరకినవారు చేయవలసినది కొంచెమే కలదు. మొదట ఊరు, ఇల్లు, దానిని గూర్చి పెద్దలు చెప్పిన మాట వ్రాసికొనవలెను. ఎక్కడ కొన్నారో అదియే కాదు, అమ్మినవానికి ఎక్కడనుండి వచ్చెనో అడుగవలెను. తుప్పును ఆకురాయితో గీయరాదు. గుంట లోపల గీసినచో కొలత మారును, కొలత మారినచో సాక్ష్యము చెడును. బొమ్మ గీసి, కొలతలు, బరువు, అంకెలు పక్కన వేసికొనవలెను.

చట్టమును మరువరాదు. 1959 నాటి ఆయుధముల చట్టమున మందుగుండు సామగ్రి యను మాటకు ఇచ్చిన నిర్వచనములో దానిని తయారుచేయు యంత్రసామగ్రియు చేరియున్నది. 1972 నాటి పురావస్తు చట్టము నూరేండ్లు దాటిన వస్తువులకు వర్తించును. చిన్న అచ్చు ఏ పరిధిలోనికి వచ్చునో అధికారులు చెప్పవలసినదే కాని కొనినవాడు తనకు తానుగా తేల్చుకొనరాదు. కరీంనగరులో పురావస్తుశాఖవారి గాంధీ శతజయంతి ప్రదర్శనశాల కలదు. హైదరాబాదులో రాష్ట్ర ప్రదర్శనశాలయు, ఆయుధములకు ప్రత్యేకముగా గదిగల సాలార్‌జంగు ప్రదర్శనశాలయు కలవు. అచ్చట చూపి అడుగుట ఉత్తమము.

కిలో ఇనుమునకు కబాడీవాడిచ్చు సొమ్ము ఎంతటిదో అందరికిని తెలిసినదే. ఆ సొమ్మునకు పోయిన అచ్చు మరల కొలిమిలో కరగి ఏ మేకుగనో మారిపోవును. దాని నడుమనున్న చోటు, ఒకనాడొక కమ్మరి ఒక తుపాకిని చూచి కంటితో కొలిచి తొలిచిన చోటు, దానితోనే మాయమగును. ఆ చోటును మైనముపై ఒక్కమారు ఒత్తి, ఊరి పేరు పక్కన వ్రాసియుంచుటకు గడియసేపు చాలును.